ఆగడానికి పట్టే కాలం

పిల్లలూ, టీచర్లందరికీ నమస్కారం.

ముందు పని, తర్వాత మాటలు. ఇద్దరు ముందుకొచ్చి ఈ దుప్పటి చెరో వైపు పట్టుకోండి. బిగించి లాగొద్దు, వదులుగా వేలాడనివ్వండి. కింది అంచు కాస్త పైకి మడిచి పట్టుకోండి, లేకపోతే గుడ్డు జారి నేల మీద పడుతుంది. ఈ పచ్చి గుడ్డు నువ్వు విసురు నాన్నా. మెల్లగా కాదు, నీ బలమంతా పెట్టి.

చూశారుగా, పగల్లేదు. అదే గోడకేసి కొడితే ఏమయ్యేదో మీకు తెలుసు. గుడ్డు అదే, విసిరే చెయ్యి అదే, వేగం అదే. రెండు చోట్లా చివరికి ఆగిపోవాల్సిందే. మరి తేడా ఎక్కడుంది?

వస్తువు ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది. రెండో గమన నియమం అనగానే మీరంతా బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని గడగడా అప్పజెబుతారు. తప్పేం లేదు. కానీ 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఆ నియమం చెప్పింది త్వరణంతో కాదు, ఇప్పుడు మనం ద్రవ్యవేగం అంటున్నదానిలో వచ్చే మార్పుతో. నన్నడిగితే పిల్లలకి ముందు ఇదే చెప్పాలి. ద్రవ్యవేగంలో వచ్చిన మార్పును, ఆ మార్పుకు పట్టిన కాలంతో భాగిస్తే బలం. ఇలా రాసుకుంటే కాలం ఎదురుగా కనబడుతుంది. గోడ గుడ్డుకు ఆగే వ్యవధి ఇవ్వలేదు. దుప్పటి ఇచ్చింది. అంతే తేడా.

బంతితో లెక్క వేద్దాం. క్రికెట్ బంతి దాదాపు 160 గ్రాములు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే ద్రవ్యవేగం 0.16 ఇంటూ 20, అంటే 3.2. చేతులు బిగబట్టి పట్టారు, బంతి 0.005 సెకన్లలో ఆగింది. భాగించండి. 640 న్యూటన్లు. 65 కిలోల మనిషి మీ అరచేతి మీద నిలబడ్డట్టు! బంతితో పాటు చేతులు వెనక్కి తీసుకుంటూ 0.04 సెకన్లలో ఆపితే 80 న్యూటన్లే, ఎనిమిది కిలోల బరువు. లాంగ్‌జంప్‌కి ఇసుక పోసేదీ, హైజంప్‌కి పరుపు వేసేదీ ఇందుకే.

ఇప్పుడు నేను అసలు వచ్చిన విషయం. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి నేరుగా కింద పడిందనుకుంటే, నేలను తాకేసరికి వేగం సెకనుకు 5.4 మీటర్లు. బండి ముందుకు పోతున్న వేగం ఇందులో కలపనే లేదు. తల బరువు 5 కిలోలు అనుకుంటే ద్రవ్యవేగం 27. హెల్మెట్‌లో గట్టి పెంకు కింద థర్మకోల్ పొర ఉంటుంది. అది 3 సెంటీమీటర్లు నలుగుతూ తలను ఆపితే పట్టే కాలం సెకనులో దాదాపు వందో వంతు. బలం 2,500 న్యూటన్ల దగ్గర, అంటే 250 కిలోల బరువంత. అదీ తక్కువేం కాదు. హెల్మెట్ లేక 3 మిల్లీమీటర్లలోనే ఆగిపోతే? కాలం పదో వంతుకు పడిపోతుంది, బలం పదింతలవుతుంది. రెండున్నర టన్నులు. పుర్రె మీద.

మనల్ని కాపాడేది లోపలి మెత్తటి స్పాంజి అనుకుంటాం. అది తలకు సుఖంగా ఉండటానికే. కాపాడేది థర్మకోల్, అదీ తాను నలిగిపోయి. స్పాంజిలా మళ్లీ పైకి లేవదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పని అయిపోయినట్టే. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఇవాళే నాన్నగారికి చెప్పండి.

నాలుగేళ్ల కిందట వానలో ఓ మలుపు దగ్గర బండి జారి పడ్డాను. ఆ రోజు నా తల మీద ఉన్న హెల్మెట్ ఇదే. పైన చిన్న గీత తప్ప ఏమీ కనబడదు. తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చనిపిస్తుంది. లోపలి గుడ్డ ఊడదీసి తెచ్చాను. ముందు వరస నుంచి చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. కుడి చెవి పైన వేలు పెట్టి తడమండి. మీ బొటనవేలు పట్టేంత గుంట తగులుతుంది.