అడ్మిన్‌కు అందని తాళం

శ్రోతలకు నమస్కారం.

ఎర్రగుంట్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ కావచ్చు, కడప ఏడురోడ్ల దగ్గర ఆడిటర్ ఆఫీసు కావచ్చు. జీతాల పట్టిక, టెండరు రేట్లు సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, మన ఇద్దరికి తప్ప ఎవరికీ తెరుచుకోదులే అని నిశ్చింతగా ఉంటారు. కానీ నెట్‌వర్క్ అడ్మిన్‌కు, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ చూసుకునే మనిషికి, తెరుచుకుంటుంది. సెక్యూరిటీ సెట్టింగుల్లో ఓనర్‌గా తన పేరు పెట్టుకుంటే, అనుమతులు తనే ఇచ్చుకోవచ్చు. ఇది విండోస్‌లో లోపం కాదు. ఉద్యోగి మానేసి పోతే ఫైళ్లు దక్కేది ఆ అధికారం వల్లే.

డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంది కదా అంటారు. అది డిస్క్ దొంగల పాలైతే కాపాడుతుంది. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ అడ్మిన్‌కు అడ్డేమీ కాదు.

కావలసింది, తాళంచెవి అడ్మిన్ దగ్గర లేని ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవరాకుండా ఫైలును మార్చేయడం. ఒకటి రెండు ఎక్సెల్ ఫైళ్లే అయితే ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ చాలు. పక్కనే ఉండే ప్రొటెక్ట్ షీట్‌ను నమ్ముకోకండి, అది దిద్దకుండా ఆపుతుందే గానీ చదవకుండా ఆపదు.

ఫైళ్లు ఎక్కువైతే వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం మేలు, ఉచితం కూడా. క్రియేట్ వాల్యూమ్ నొక్కి, ఫైల్ కంటెయినర్ (ఫైళ్లన్నీ దాచే తాళం పెట్టెలాంటి ఒకే ఫైలు) ఎంచుకుని, 500 ఎంబీ సైజు, 20 అక్షరాలకు తగ్గని పాస్‌వర్డ్ ఇవ్వండి. మౌంట్ చేస్తే, అంటే పాస్‌వర్డ్ ఇచ్చి తెరిస్తే, కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైలును మొదటినుంచీ అందులోనే తయారు చేయాలి. బయట రాసి లోపలికి మారిస్తే పాత ప్రతి బ్యాకప్‌లో మిగిలిపోతుంది. చిత్రమేమంటే, దీన్ని ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ పాస్‌వర్డే కావాలి! కాబట్టి యజమానికి చెప్పి, ఆయన ఆమోదంతోనే చేయండి.

డ్రైవ్ తెరిచి టీకి వెళ్లారో, ఆ కంప్యూటర్ మీద అధికారమున్న అడ్మిన్ తన సీటు నుంచే అందులోవి చూడగలడు. కీబోర్డు నొక్కులు నమోదు చేసే ప్రోగ్రాం పెడితే పాస్‌వర్డూ పోతుంది. మరీ రహస్యమైతే అడ్మిన్ చేతిలో లేని, నెట్‌వర్క్‌కు కలపని ల్యాప్‌టాప్‌లోనే తెరవండి.

పాస్‌వర్డ్ మరిచిపోతే ఇక ఎవరూ తీయలేరు. రాసి, సీలు వేసిన కవరులో యజమాని బీరువాలో ఉంచండి. మరొకటి: ఫైళ్లు మార్చినా వెరాక్రిప్ట్ కంటెయినర్ మీది తేదీని పాతదిగానే ఉంచుతుంది. తేదీ చూసి నడిచే బ్యాకప్ దాన్ని వదిలేస్తుంది. వెరాక్రిప్ట్ ప్రిఫరెన్సెస్‌లో టైమ్‌స్టాంప్ (ఫైలు మార్చిన తేదీ) దగ్గరున్న టిక్ తీసేయండి.