ఆవాలు వేసి దెబ్బతిన్నా: సీసం మట్టిలో వ్యామ్ ఇలా వాడండి

నమస్తే అండి, రాయగడ నుంచి. ఇదిగో, ఇదే మా పెరడు. ఒకప్పుడు ఇక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టేవారు. మట్టి పరీక్ష చేయిస్తే సీసం ఎక్కువగా ఉందన్నారు. అందుకే ఇక్కడ తినేవేవీ వేయం.

వ్యామ్ అంటే వేరు లోపల బతికే శిలీంధ్రం. మొక్క దానికి చక్కెర పెడుతుంది, అది మొక్కకి భాస్వరం మోసుకొస్తుంది. సీసాన్ని కొంత తన పోగుల్లోనే పట్టేస్తుంది. సీసం మాయమైపోదండోయ్, లోహం కదా! ఆకుల దాకా ఎక్కడం, దుమ్ములో ఎగరడం తగ్గొచ్చు, అంతే.

సరే, గ్లవ్స్ వేసుకోండి, మట్టి తడపండి. గుంట, చెంచాడు వ్యామ్, కాస్త మట్టి, గింజ, నీళ్లు. అయిపోయింది. పైపైన చల్లకండి, దిగే వేరుకి అది తగలాలి. డీఏపీ వద్దు. భాస్వరం దండిగా దొరికితే మొక్క దీన్ని దగ్గరికి రానివ్వదు.

ఇప్పుడు ఆగండి. ఏ గింజ? నేను బోల్తా పడింది ఇక్కడే. ఆవాలు సీసాన్ని బాగా లాగుతాయని చదివి, బజార్లో సొరిసొ (ఒడియాలో ఆవాలే) కొనుక్కొచ్చి వేసేశా. రెండు నెలలకి వేళ్లు చూస్తే శిలీంధ్రం జాడే లేదు! వ్యామ్ ప్యాకెట్ నకిలీదనుకుని ఇంకోటి కొన్నా. మళ్లీ అంతే. తర్వాత తెలిసింది, ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి... ఆ కుటుంబానికి ఈ శిలీంధ్రంతో పొత్తే కుదరదు. తప్పు ప్యాకెట్‌ది కాదు, నాది. కాబట్టి పొద్దుతిరుగుడు వేయండి, లేదా గింజ బదులు వట్టివేరు పిలకలు నాటండి. నా ఓటు వట్టివేరుకే, ఒకసారి నాటితే మళ్లీ తవ్వక్కర్లేదు.

వ్యామ్ వేరుకి పట్టిందో లేదో చూద్దాం. సన్న వేళ్లు కడిగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరిగించా. చేతిమీద పడితే కాలుతుంది, జాగ్రత్త. శిలీంధ్రం కనబడటానికి ల్యాబుల్లో ట్రైపాన్ బ్లూ అనే రంగు వాడతారు, నాకైతే పెన్ను ఇంకు చాలు. తెల్ల వెనిగర్‌లో 5 శాతం నల్ల ఇంకు, మూడు నిమిషాలు మరిగించి, రెండు చుక్కలు వెనిగర్ వేసిన నీళ్లలో కడగడమే. ఇప్పుడు మైక్రోస్కోప్‌లో... ఇదిగో, ఈ వేరు కణం లోపల చిన్న చెట్టు కొమ్మల్లా ఉందే, అదే మన శిలీంధ్రం. ఇది పొద్దుతిరుగుడు వేరు. పక్కన ఆవ వేరు చూడండి, ఖాళీ.

కోసిన మొక్కలు పశువులకి వేయకండి, పొయ్యిలో పెట్టకండి, కంపోస్టులో కలపకండి. విడిగా మూటకట్టి... అయ్యో, పక్కింటి మేక దూరింది! ఉండండి, తోలేసి వస్తా.