నది మీద రేకు పెట్టెలు

శ్రోతలకు నమస్కారం.

ఒకప్పుడు మన ఇళ్ళలో మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. పొలం దస్తావేజులు, పెళ్ళినాటి పట్టుచీర, తాతగారి చేతిరాత పుస్తకం, ఇలా పోగొట్టుకోకూడనివన్నీ అందులోనే దాచేవారు. 2012లో, పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో, టింబక్టు పట్టణంలో కొందరు గ్రంథపాలకులు అలాంటి రేకు పెట్టెలను కూడబెట్టడం మొదలుపెట్టారు. ఊరు అప్పటికే తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. ఆ గ్రంథపాలకులు రాత్రివేళ, శతాబ్దాల నాటి అరబ్బీ రాతప్రతులను ఆ పెట్టెల్లో సర్ది, గాడిద బండ్ల మీద బంధువుల ఇళ్ళకు చేర్చారు. అక్కడి నుంచి దక్షిణాన ఉన్న రాజధాని బమాకోకు కొన్ని పెట్టెలు రోడ్డు మీద వెళ్ళాయి, కొన్ని నైజర్ నది మీద పడవల్లో వెళ్ళాయి. మాలి యుద్ధం అనగానే నాకు ఫిరంగుల కన్నా ముందు ఆ పెట్టెలే గుర్తుకొస్తాయి.

మాలి పటం చూస్తే రెండు వేరు వేరు దేశాలను అతికించినట్టు ఉంటుంది. జనం, పంటలు, ప్రభుత్వం దక్షిణాన ఉంటే, ఉత్తరాన సహారా ఎడారి ఉంది. ఆ ఎడారిలో ఒంటెలతో, మేకలతో తిరిగే తువారెగ్ ప్రజలు ఉన్నారు. 1960లో ఫ్రెంచి పాలన పోయినప్పుడు, తమ మాట అడగకుండానే తమను దక్షిణాదివారికి అప్పగించారని వారిలో చాలామంది భావించారు. 1960లలో తిరగబడ్డారు, 1990లో మళ్ళీ, 2006లో మళ్ళీ. ప్రతిసారీ ఒప్పందం కుదిరేది, ఆ ఒప్పందంలోని మాట నిలిచేది కాదు. నడుమ కరవులు వచ్చి మందలు చచ్చిపోయాయి. యువకులు బతుకుతెరువు కోసం లిబియా వెళ్ళారు. కొందరు అక్కడి పాలకుడు గడాఫీ సైన్యంలో చేరారు.

2011లో నాటో విమానాలు లిబియా మీద బాంబులు వేశాయి, గడాఫీ పాలన కూలింది. అతని దగ్గర పనిచేసిన తువారెగ్ యోధులు ఆయుధాలు వేసుకుని ఎడారి దాటి ఇంటికి వచ్చారు. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. మాలికి విదేశీ సైన్యం 2013లో వచ్చిందని అంటాం గాని, విదేశీ జోక్యం తాలూకు తుపాకులు అంతకు రెండేళ్ళ ముందే, పక్క దేశం మీదుగా వచ్చేశాయి.

2012 జనవరి 17న మెనకా పట్టణం మీద దాడితో తిరుగుబాటు మొదలైంది. సరైన ఆయుధాలు ఇవ్వకుండా తమను చావుకు పంపుతున్నారని మాలి సైనికులు మండిపడ్డారు. మార్చి 22న, ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయనగా, కింది స్థాయి సైనికాధికారులు అధ్యక్షుణ్ణి దింపేశారు. రాజధానిలో కుర్చీ కోసం పోరు సాగుతుంటే ఉత్తరాన కాపలా లేకుండా పోయింది. మార్చి 30న కిదాల్, 31న గావో, ఏప్రిల్ 1న టింబక్టు తిరుగుబాటుదారుల చేతిలో పడ్డాయి. మూడు రోజుల్లో మూడు నగరాలు! ఏప్రిల్ 6న తువారెగ్ సంస్థ ‘అజవాద్’ పేరుతో స్వతంత్ర దేశాన్ని ప్రకటించింది. ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు.

ఆ తిరుగుబాటును కూడా మరొకరు లాక్కున్నారు. ఇయాద్ ఆగ్ ఘాలీ నాయకత్వంలోని ఇస్లామిస్టు సాయుధ సంస్థ అన్సార్ దీన్, దానితోపాటు అల్ ఖైదా శాఖ, తువారెగ్ వేర్పాటువాదులను పక్కకు నెట్టి నగరాలను చేజిక్కించుకున్నాయి. సంగీతాన్ని నిషేధించారు. కొరడా దెబ్బలు, చేతులు నరకడం శిక్షలయ్యాయి. జూన్ చివర టింబక్టులోని మహనీయుల సమాధుల మీద గునపాలు పడ్డాయి. ఆ ఊరిని 333 మంది సాధువుల నగరం అంటారు. తరతరాలుగా తమ తాతలు మొక్కిన మట్టి కట్టడాలు కళ్ళెదుట కూలుతుంటే ఊరివాళ్ళు చూస్తూ ఉండిపోవలసి వచ్చింది. ఆ కూల్చివేతలో పాలుపంచుకున్న అహ్మద్ అల్ ఫకీ అల్ మహ్దీకి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2016లో తొమ్మిదేళ్ళ జైలుశిక్ష విధించింది. ఈలోపే స్థానిక తాపీ మేస్త్రీలు, యునెస్కో సాయంతో, పాత పద్ధతిలో మట్టితో, రాయితో ఆ సమాధులను మళ్ళీ కట్టారు. ఆ మేస్త్రీల చేతులకు నేను దణ్ణం పెడతాను.

2013 జనవరి 10న ఈ ఇస్లామిస్టు తిరుగుబాటుదారులు కొన్నా పట్టణాన్ని పట్టుకుని దక్షిణం వైపు కదిలారు. మాలి తాత్కాలిక అధ్యక్షుడు ఫ్రాన్స్‌ను సాయం అడిగారు. మర్నాడే ఫ్రెంచి హెలికాప్టర్లు దిగాయి. నెల తిరగకముందే గావో, టింబక్టు, కిదాల్ మూడూ ఇస్లామిస్టుల చేతుల్లోంచి జారాయి. జనం ఫ్రెంచి జెండాలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. ఆ సంతోషం నటన కాదు. పాట పాడుకునే స్వేచ్ఛ తిరిగి వచ్చినవాళ్ళ సంతోషం అది. పారిపోతూ తిరుగుబాటుదారులు టింబక్టులో రాతప్రతులను భద్రపరిచే అహ్మద్ బాబా సంస్థలో దొరికిన రాతప్రతులకు నిప్పు పెట్టారు. వేల ప్రతులు పోయాయి. అయితే అధిక భాగం అప్పటికే రేకు పెట్టెల్లో నది దాటింది. అబ్దెల్ కాదర్ హైదరా అనే గ్రంథపాలకుడు, ఆయనతో పనిచేసిన వారు, సైన్యాల కోసం ఎదురుచూడలేదు.

సైన్యం నగరాలను తేగలిగింది గాని, నగరాల చుట్టూ ఉన్న పల్లెలను తేలేకపోయింది. పశువుల కాపరులకూ రైతులకూ నేల మీద, నీటి మీద తగాదా వస్తే తీర్చే అధికారి లేడు, కోర్టు లేదు. ఆ ఖాళీలోకి సాయుధులు వచ్చి కూర్చున్నారు. యుద్ధం మధ్య మాలికి పాకింది. 2019 మార్చిలో ఒగొస్సాగు అనే పల్లెలో పశువుల కాపరులైన ఫులానీ తెగ జనాన్ని దాదాపు 160 మందిని చంపేశారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేన పదేళ్ళు ఉంది, 300 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకుంది. 2021 జనవరిలో బౌంతి గ్రామం దగ్గర పెళ్ళికి చేరిన జనం మీద ఫ్రెంచి బాంబులు పడ్డాయని, చనిపోయినవారిలో 19 మంది సామాన్య పౌరులని ఐక్యరాజ్యసమితి విచారణ తేల్చింది. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. జెండాలు ఊపిన చేతులే తరువాత నిరసన బ్యానర్లు పట్టుకున్నాయి.

2020లో ఒక సైనిక కుట్ర, 2021లో మరొకటి. గద్దెనెక్కిన సైనికాధికారులు ఫ్రాన్స్‌ను పొమ్మన్నారు, రష్యా కిరాయి దళం వాగ్నర్‌ను రమ్మన్నారు. 2022 మార్చిలో మౌరా గ్రామంలో మాలి సైనికులు, వారితో ఉన్న విదేశీయులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 15న చివరి ఫ్రెంచి సైనికుడు సరిహద్దు దాటాడు. వచ్చిన సైన్యం జెండా మారింది గాని, పల్లెటూరి తల్లికి రాత్రి తలుపు చప్పుడైతే కలిగే భయం మారలేదు.

ఈ మంట మనకు దూరమేమీ కాదు. 2025 జూలై 1న పశ్చిమ మాలిలోని కాయస్‌లో ఒక సిమెంటు కర్మాగారం మీద సాయుధులు దాడి చేసి, అక్కడ పనిచేస్తున్న ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. పొట్ట చేతబట్టుకుని వెళ్ళినవారు వాళ్ళు. ఆ పూట వాళ్ళ ఇళ్ళలో ఫోను మోగిన క్షణాన్ని ఊహించుకుంటే గుండె పట్టేస్తుంది.

ఆ మరుసటి నెలలో బమాకో నుంచి ఒక విమానం టింబక్టుకు ఎగిరింది. అందులో 200కు పైగా పెట్టెలు ఉన్నాయి. దక్షిణాది తేమకు పాడవుతున్న అహ్మద్ బాబా సంస్థ రాతప్రతులు పదమూడేళ్ళ తరువాత ఎడారి పొడిగాలిలోకి, తమ ఊరికి తిరిగి వెళ్ళాయి. ఆ నెల దాటగానే సాయుధులు బమాకోకు పెట్రోలు మోసుకొచ్చే లారీలను దారిలో ఆపి తగలబెట్టడం మొదలుపెట్టారు.