మంచం దిగే ముందు

శ్రోతలకు నమస్కారం. మొన్న మధ్యాహ్నం నల్లకుంటలో మా పెదనాన్న ఇంట్లో ఉన్నాను. మండే ఎండ. ఆయన కూలర్ ముందు కునుకు తీస్తున్నారు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి బెల్ కొట్టాడు. నేను లేచేలోపే ఆయన దిగ్గున లేచి, రెండడుగులు వేసి, తలుపు పట్టుకుని ఆగిపోయారు. "ఏం గాలేదురా, కండ్లకు జర చీకట్లొచ్చినయ్, గంతే" అన్నారు.

ఆ 'గంతే' వెనక చాలా కథ ఉంది.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు, ఒక్కోసారి అంతకు మించి రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. నీళ్లు పల్లానికి పోయినట్టే. తలకు అందే రక్తం తగ్గితే కళ్లకు చీకట్లొస్తాయి. మరి రోజూ ఇన్నిసార్లు లేస్తున్నాం, ఎందుకు పడిపోవడం లేదు? మెడలో, దవడ కింద నాడి తగిలే చోట, ధమని గోడ ఎంత సాగుతోందో కనిపెట్టే నరాల కొసలున్నాయి. గుండె పైన బృహద్ధమని వంపులోనూ ఉన్నాయి. బీపీ పడిపోతే గోడ సాగడం తగ్గుతుంది. ఆ కబురు మెదడు కాండంలోని మజ్జాముఖానికి చేరుతుంది. బడిలో చదివి, పరీక్ష అవగానే మరిచిపోయిన పేరే. పొడవు మూడు సెంటీమీటర్లు. గుండెను వేగంగా కొట్టుకోమనేదీ, రక్తనాళాలను బిగుసుకోమనేదీ అదే. అంతా కొన్ని సెకన్లలో! రేపు పొద్దున మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని లేచి చూడండి, నాడి జోరందుకోవడం మీకే తెలుస్తుంది. నాకైతే ఇప్పటికీ వింతే.

ఒంట్లో నీరు తగ్గి రక్తం పరిమాణం పడిపోతే, ఆ కబురు కూడా అక్కడికే వెళ్తుంది. అక్కడి నుంచి పైకి, మెదడులోనే ఉండే హైపోథాలమస్ అనే భాగానికి. అప్పుడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలై, కిడ్నీలు నీటిని పట్టి ఉంచుతాయి. ఎండలో కోఠీ అంతా తిరిగొచ్చిన రోజు మూత్రం చిక్కబడేది అందుకే.

వయసు మీద పడితే ఈ ఏర్పాటు కాస్త మందగిస్తుంది. పైగా మా పెదనాన్నకు బీపీ మాత్ర ఉంది. రాత్రి బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని పొద్దు గూకాక నీళ్లే ముట్టరు. చెమట పోయేది పోతూనే ఉంటుంది. నన్నడిగితే అసలు చిక్కు అక్కడే.

టైం అయిపోతోంది, ఒక్క మాట పట్టుకోండి. లేవగానే నిలబడకండి. మంచం అంచున కూర్చోండి, కాళ్లు కిందికి వేలాడేసి పాదాలు ఆడించండి, ఒక నిమిషం కూర్చోండి. ఆ తర్వాతే నిలబడండి. డాక్టరు తగ్గించమంటే తప్ప పగటిపూట నీళ్లు తగ్గించవద్దు. తరచూ కళ్లు తిరుగుతుంటే సొంతంగా మాత్ర మానేయకండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమని డాక్టరును అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మందు సంగతి ఆయనే చూస్తారు.

బెల్ మోగితే మోగనీయండి. సిలిండర్ అబ్బాయి ఒక నిమిషం ఆగుతాడు.