కిర్రుమన్న కుర్చీ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకీ, ఫిల్మ్ క్లబ్ మిత్రులకీ కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత సినిమా ఉంది. మీరంతా వచ్చింది దాని కోసమే.

పెద్దగా పేరు వినపడని, మళ్ళీ చూడాల్సిన ఐదు సినిమాల గురించి మాట్లాడమన్నారు. ఐదూ కాగితం మీద రాసుకొచ్చాను. మొదటి రెండూ త్వరగా చెప్పేస్తాను.

ఒకటి, ‘దాసి’. 1988లో బి. నర్సింగరావు గారు తీశారు. ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. అర్చనకి ఉత్తమ నటి, తోట వైకుంఠం గారికి కళాదర్శకత్వం, ఎ.కె. బీర్ గారికి ఛాయాగ్రహణం, ఇంకా రెండు. ఇన్ని అవార్డులొచ్చిన తెలుగు సినిమాని ఈ హాల్లో ఎంతమంది చూశారు? ఒక్కసారి చేతులెత్తండి. నాలుగు... ఐదు. చూశారా, నా బాధంతా ఇదే. దొర గడీలో బతికే ఒక దాసి కథ అది. మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి అర్చన ముఖం ఒక్కటే చూడండి. మాటల్లో చెప్పనిదంతా అక్కడ ఉంటుంది.

రెండోది ‘ది బ్రౌనింగ్ వెర్షన్’, 1951 నాటి ఇంగ్లిష్ సినిమా. పిల్లలెవరికీ ఇష్టం లేని ఒక మాస్టారు స్కూలు వదిలి వెళ్ళిపోయే ముందు ఒక్క కుర్రాడు ఆయనకి పాత పుస్తకం ఒకటి కానుకగా ఇస్తాడు. అంతే. ఆ పుస్తకం చేతిలో పడగానే అన్నాళ్ళూ బిగబట్టుకున్న మనిషి కూలిపోతాడు. మాస్టారుగా వేసిన మైకేల్ రెడ్‌గ్రేవ్‌కి ఆ ఏడాది కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మీలో టీచర్లు ఎవరైనా ఉంటే ఈ వారమే చూడండి.

ఇక మూడోది, కాసేపట్లో మీరు చూడబోయేది. ‘మేక్ వే ఫర్ టుమారో’. 1937, దర్శకుడు లియో మెకారీ. కథ మనకి కొత్తేం కాదు. మన ‘బడిపంతులు’ గుర్తుందా? 1972, ఎన్టీఆర్, అంజలీదేవి. అంతకుముందు 1958లో కన్నడంలో ‘స్కూల్ మాస్టర్’. ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు చెరొకరుగా పంచుకోవడం. ఇందులోనూ అంతే. బ్యాంకు ఇల్లు తీసేసుకుంటుంది. ఐదుగురు పిల్లలున్నా ఇద్దర్నీ కలిపి ఉంచుకోగలిగిన వాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మ కొడుకింటికి, నాన్న కూతురింటికి. ‘బడిపంతులు’లో శిష్యుడు ఆదుకుంటాడు, ఇక్కడ ఆదుకోవడానికి ఎవరూ రారు. స్టూడియో వాళ్ళు ముగింపు మార్చమన్నా మెకారీ ఒప్పుకోలేదు. సినిమా ఆడలేదు, స్టూడియో ఆయన్ని వదిలించుకుంది. అదే ఏడాది తీసిన ఇంకో సరదా సినిమాకి ఆయనకి ఆస్కార్ వస్తే, వేదికెక్కి, మీరు తప్పు సినిమాకి ఇచ్చారు అన్నాడు. జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ 1953లో వచ్చింది. దాని రచయితల్లో ఒకరైన కోగో నోడాకి ప్రేరణ ఈ సినిమాయే. అమ్మగా వేసిన బ్యూలా బోండీకి అప్పటికి యాభై కూడా నిండలేదు. చూస్తున్నంతసేపూ మీరు నమ్మరు.

ఈ సినిమాని నేను మొదట చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కోడలి పక్షం వహించాను. ఆవిడ ఇంట్లో బ్రిడ్జ్ ఆట నేర్పి నాలుగు డబ్బులు సంపాదిస్తుంటుంది. మంచి బట్టలేసుకున్న వాళ్ళంతా బల్లల చుట్టూ కూర్చుని పేకముక్కలు చూసుకుంటుంటే, ఈ అత్తగారు ఊగుడు కుర్చీ తెచ్చుకుని మధ్యలో కూర్చుంటుంది. ఊగినప్పుడల్లా కిర్రు... కిర్రు. ఒక్కొక్కరే తలెత్తి చూస్తారు. ఈ ముసలావిడ లోపల కూర్చోవచ్చు కదా అనుకున్నాను నేను కూడా.

తర్వాత ఫోన్ మోగుతుంది. అటువైపు ఆయన. ఆవిడకి ఫోన్ అలవాటు లేదు, దూరం కదా, గట్టిగా అరిచి మాట్లాడితే గానీ వినపడదనుకుంటుంది. గదిలో అందరికీ వినపడుతుంది. మొదట విసుగు పడతారు. కాసేపటికి ముక్కలు కిందపెడతారు. చలికి జాగ్రత్త అంటుంది ఆవిడ. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆయన మాట ఒక్కటీ మనకి వినిపించరు. ఆవిడ వీపూ, ఆవిడ గొంతూ, ఆ గదీ, అంతే.

క్షమించాలి, ఇక్కడ ఒక సొంత విషయం చెప్పాలి. కాగితం మీద లేదు.

మా నాన్నగారు రిటైరయ్యాక మా అమ్మ నా దగ్గర, నాన్న మా అన్నయ్య దగ్గర రెండేళ్ళున్నారు. ఎవరూ దుర్మార్గులం కాదు. మా పాపని చూసుకోవడానికి అమ్మ కావాలి, అన్నయ్య వాళ్ళింటికి దగ్గర్లో ఆసుపత్రి ఉంది కాబట్టి నాన్న అక్కడ. లెక్క సరిగ్గానే కుదిరింది. వాళ్ళిద్దర్నీ మాత్రం అడగలేదు. ఒకరోజు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. పక్క గదిలో అమ్మ నాన్నతో ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది. నాన్నకి చెవుడు. నేను తలుపు తీసి, “అమ్మా, కాస్త మెల్లగా” అన్నాను. అంతే అన్నాను. కోప్పడలేదు. మర్నాటి నుంచి అమ్మ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడేది. చేత్తో నోటికి అడ్డం పెట్టుకుని. అలా మాట్లాడితే నాన్నకి ఏం వినపడి ఉంటుంది చెప్పండి?

నాన్న పోయాక నాకు యాభై రెండేళ్ళప్పుడు ఈ సినిమా మళ్ళీ చూశాను. ఫోన్ సీను దగ్గర ఆపేశాను. ఆ రాత్రి ఇక చూడలేకపోయాను. మర్నాడు మొదటి నుంచీ పెట్టుకున్నాను. కుర్చీ కిర్రుమన్నప్పుడు ఈసారి ఆ బల్ల దగ్గర కూర్చుని తలెత్తి చూసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మళ్ళీ చూడమని నేను పోరేది అందుకే. ఇరవై రెండేళ్ళప్పుడు నచ్చలేదని పక్కన పెట్టిన సినిమాలు మీకు ఎన్ని ఉన్నాయో ఇంటికెళ్ళి లెక్క చూసుకోండి.

ఇంకో సీను కూడా చెప్పాలి, రెండు నిమిషాలు. సినిమాలో ఆ ముసలి నాన్న కళ్ళజోడు పగిలిపోతుంది. భార్య రాసిన ఉత్తరం చదవలేక, స్నేహితుడైన దుకాణదారుణ్ణి చదవమంటాడు. చదువుతూ చదువుతూ ఆ దుకాణదారు గొంతు ఆగిపోతుంది, ఇక చదవలేడు. మిత్రుడు వెళ్ళిపోయాక ఆ దుకాణదారు లోపలున్న తన భార్యని పిలుస్తాడు. ఆవిడ ఏమిటని వస్తుంది. ఏమీ లేదు. ఆవిడ ఉందో లేదో చూసుకోవడానికి, అంతే. కథకి ఆ సీనుతో పనే లేదు. తీసేసినా ఎవరూ అడగరు. మెకారీ తీసేయలేదు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. నాలుగోదీ, ఐదోదీ ఈ కాగితం మీదే ఉన్నాయి, బయట నోటీసు బోర్డుకి అంటించి వెళ్తాను. చివరి అరగంట గురించి కావాలనే ఏమీ చెప్పలేదు. ఆ ముసలి దంపతులిద్దరికీ కలిసి గడపడానికి కొన్ని గంటలు దొరుకుతాయి, అంతవరకే చెప్తాను.

ప్రొజెక్టర్ దగ్గరున్న తమ్ముడికి ఒక్క మనవి. ‘ది ఎండ్’ పడగానే లైట్లు వేయకు. ఒక రెండు నిమిషాలు ఆగు. ఎవరైనా ఫోన్ తీసుకుని బయటికి వెళ్తుంటే దారి ఇవ్వండి, వెళ్ళనివ్వండి.