పాత సైకిల్‌కు మోటారు: ముందు ఇరుసు సంగతి చూడండి

(దృశ్యం: కర్నూలు, కొండారెడ్డి బురుజు. పక్కన ఆగి ఉన్న పాత నల్ల సైకిల్.)

నమస్కారం. ఇది మా నాన్న ఇరవై ఏళ్లు తొక్కిన సైకిల్. ముందు చక్రం తీసేసి, మోటారు ఉన్న చక్రాన్ని ఈరోజు బిగిస్తున్నాను. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్, బ్యాటరీ, యాక్సిలరేటర్, బ్రేకు పట్టగానే మోటారును ఆపే లివర్లు కిట్‌తోనే వస్తాయి. తీగలు కలపడం సులువే, రంగులు చూసి కలిపితే చాలు. అసలు పని ఇరుసు దగ్గర ఉంది.

(దృశ్యం: ఇరుసు, దగ్గరగా.)

చూడండి, ఇరుసుకు రెండు పక్కలా చెక్కినట్టు చదునుగా ఉంది. మామూలు చక్రంలో ఇరుసు మీద బరువే పడుతుంది. ఇక్కడ అలా కాదు. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పుతుందో, ఇరుసును అంతే బలంగా వెనక్కి మెలిపెడుతుంది. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు కొనల్లోని గాడి ఆ చదును భాగాన్ని పట్టుకోలేకపోతే ఇరుసు గిర్రున తిరుగుతుంది. తీగలు దాని లోపలి నుంచే వస్తాయి కాబట్టి తెగిపోతాయి. చక్రం ఊడిపోయినా ఆశ్చర్యం లేదు.

అందుకే టార్క్ ఆర్మ్ తప్పనిసరి. ఈ ఉక్కు పట్టీ ఒక కొన ఇరుసును పట్టుకుంటుంది, రెండో కొనను ఫోర్కుకు క్లాంపుతో బిగిస్తాం. నట్టు గట్టిగా బిగిస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. గాడి ఇరుకుగా ఉంటే ఆకురాయితో కొంచెమే రుద్దండి, ఎక్కువ అరిగితే ఫోర్కు బలం పోతుంది. అల్యూమినియం ఫోర్కుకు ఈ చక్రం అసలు వద్దు.

మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండాలి. దాటితే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే. ఈ వేగానికి పాత రాడ్ బ్రేకులు నాకైతే చాలవనిపించి, ముందే కేబుల్ బ్రేకులు వేయించాను.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 360 వాట్ అవర్లు. కొంచెం తొక్కుతూ వెళ్తే చదును రోడ్డు మీద కిలోమీటరుకు పన్నెండు వాట్ అవర్ల దాకా ఖర్చు, అంటే సుమారు 30 కిలోమీటర్లు. మే నెలలో మాత్రం జాగ్రత్త. లిథియం సెల్లులు చాలావరకు 45 డిగ్రీలు దాటాక చార్జింగ్‌కు పనికిరావు. మన ఎండలో నిలబెట్టిన సైకిల్ బ్యాటరీ పెట్టె అంతకంటే వేడెక్కుతుంది. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకండి, నీడలో గంటసేపు చల్లారనివ్వండి.

(దృశ్యం: సైకిల్ కదులుతుంది.)

ఇరవై కిలోమీటర్లు తిరిగాక స్పానర్‌తో రెండు నట్లూ మళ్లీ చూశాను. ఎడమది పావు చుట్టు వదులైంది. మీరూ చూడండి.