దింపు తాడు, జిమ్ గోడ, గదిలో గాలి

శ్రోతలకు నమస్కారం.

మన కోనసీమలో ఎక్కడానికి కొండల్లేవు. కాస్త ఎత్తు కావాలంటే ఏటిగట్టు ఎక్కాలి. అంతకన్నా పైకి కావాలంటే కొబ్బరిచెట్టే దిక్కు. అందుకే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఆమధ్య ఫోన్లో "మావయ్యా, నేను వారానికి మూడు రోజులు గోడలెక్కుతున్నాను" అంటే నాకు ముందు అర్థం కాలేదు. ఇంట్లో ఏదైనా గొడవా అని అడిగాను.

తర్వాత ఫోటోలు పంపింది. పెద్ద షెడ్డు లోపల చెక్క పలకలతో కట్టిన గోడలు. వాటి మీద రంగురంగుల పట్టులు, అరచేయంత ఒకటి, బొటనవేలంత ఒకటి, బోల్టులతో బిగించి ఉంటాయి. పొట్టి గోడలైతే కింద మందపాటి పరుపులేసి తాడు లేకుండానే ఎక్కుతారు. దాన్ని బౌల్డరింగ్ అంటారు. పొడుగు గోడలైతే నడుముకి తాడు కట్టుకుని ఎక్కుతారు, ఆ తాడు రెండో కొస కింద ఒక తోడు మనిషి చేతిలో ఉంటుంది. ఈ క్లైంబింగ్ టోక్యో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి పోటీగా పెట్టారు. 2020లో జరగాల్సిన ఒలింపిక్స్ 2021కి వాయిదా పడ్డాయని మీకు తెలుసు. కరోనా వల్ల పడ్డాయని కూడా తెలుసు.

2020 లాక్‌డౌన్‌లో ఆ పిల్ల ఇంటికొచ్చేసింది. అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌లో ఆఫీసు పని, సాయంత్రమైతే గుమ్మం పైకమ్మి పట్టుకుని వేలాడటం. "కమ్మి ఊడి నెత్తిన పడుతుందే" అని మా అక్క రోజూ కేకలేసేది. 2021లో ఆఫీసు వాళ్లు రమ్మన్నారు, అక్కడ ఆ జిమ్ కూడా తెరిచారు. "వెళ్లొచ్చా మావయ్యా?" అని నన్నడిగింది. ముప్పయ్యేళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించినవాణ్ని కదా, నాకన్నీ తెలుసని దాని నమ్మకం. నేను డాక్టర్ని కాను. కానీ తెలిసిన డాక్టర్లని అడిగాను, ప్రభుత్వం ఇచ్చిన సూచనలు చదివాను. మన ఊళ్లలో మామూలు జిమ్ములకీ షటిల్ హాళ్లకీ మళ్లీ వెళదామా వద్దా అనుకునేవాళ్లకి కూడా పనికొస్తుందని ఆ సంగతులు మీతో చెబుతున్నాను.

దాని భయమంతా ఆ పట్టుల మీద ఉంది. రోజుకి వందమంది చేతులు పడే పట్టులు కదా అంది. సహజమే. 2020లో మనమూ అదే చేశాం. పాల ప్యాకెట్ సబ్బుతో కడిగాం, కూరగాయల్ని ఉప్పునీళ్లలో ముంచాం, నోట్లు ఎండలో ఆరబెట్టాం. ఇప్పుడు తెలిసిందేమిటంటే, తాకిన వస్తువు వల్ల ఈ జబ్బు అంటుకోవడం తక్కువ. ఒకే గదిలో పీల్చిన గాలి వల్ల అంటుకోవడమే ఎక్కువ. పైగా ఎక్కేవాళ్లు చెమటకి జారకుండా చేతులకి తెల్లటి పొడి రాసుకుంటారు, మెగ్నీషియం కార్బొనేట్. ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీ వాళ్లు 2020లో, ఈ వైరస్ జాతికే చెందిన మరో కరోనా వైరస్‌ని ఆ పొడి మీద వేసి చూశారు. చాలా భాగం వెంటనే పనికిరాకుండా పోయింది. అందుకని చేతులు కడుక్కోవద్దని కాదు. ఎక్కేముందూ దిగాకా కడుక్కో, మధ్యలో మొహం తుడుచుకోకు అన్నాను. అక్కడితో పట్టుల సంగతి అయిపోయింది.

అసలు సంగతి గాలి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీల్చి వదులుతాడు. ఒళ్లు వంచి కసరత్తు చేసేటప్పుడు అది పది రెట్లు కావచ్చు. అంటే జిమ్‌లో ఉన్న పదిమంది, గాలి లెక్కన, వందమందితో సమానం. దక్షిణ కొరియాలోని చొనాన్ అనే ఊళ్లో 2020 ఫిబ్రవరిలో ఇదే జరిగింది. జుంబా డాన్సు నేర్పే క్లాసుల వల్ల పన్నెండు చోట్ల కలిపి 112 మందికి జబ్బు అంటుకుంది. చిన్న గదులు, గంటకి కాస్త తక్కువ క్లాసు, గట్టిగా గెంతడం, రొప్పడం. ఆ నేర్పేవాళ్లలోనే ఒకరు నెమ్మదిగా సాగే యోగా, పిలాటిస్ క్లాసులు కూడా చెప్పారు. ఆ క్లాసుల్లో ఉన్నవాళ్లకి అంటలేదు. మనిషి అదే, జబ్బు అదే. ఊపిరి మారింది.

దీన్ని మనకి బెంగళూరు వాళ్లు చెప్పక్కర్లేదు, భీమవరం వైపు రొయ్యల రైతుని అడిగితే చాలు. చెరువులో పిల్ల ఎక్కువ వేస్తే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువ పెట్టాలి. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్ ఆగిందంటే రైతు పరుగెత్తుకెళ్లి జనరేటర్ వేస్తాడు, లేకపోతే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. చెరువుకి అంత లెక్క చూసే మనం, పిల్లల్ని పంపే గదికి మాత్రం ఎంతమందికి ఎంత గాలి అని అడగం.

ఇక్కడ ఒక మాట చాలామందికి తెలియదు. గోడకి పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. మన డెల్టా ఉక్కపోతకి అది హాయిగానే ఉంటుంది, కానీ చల్లగా ఉన్నంత మాత్రాన కొత్త గాలి కాదు. పాత మండువా లోగిళ్లలో నడిమధ్య ఆకాశం కనబడేది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. ఇప్పటి జిమ్ములు మేడమీద, అద్దాలు బిగించిన గదుల్లో ఉంటున్నాయి.

జిమ్ములు తెరవడానికి అనుమతిస్తూ 2020 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ కొన్ని సూచనలిచ్చింది. మనిషికి 4 చదరపు మీటర్ల చోటు, ఆరడుగుల ఎడం, బయటి గాలి బాగా ఆడాలి, ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, పదేళ్ల లోపు పిల్లలు, షుగరు, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్లు మూసిన గదుల జిమ్ములకి వెళ్లకపోవడం మంచిదని చెప్పింది. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 95 కన్నా తక్కువ చూపిస్తే కసరత్తు చేయనివ్వకూడదంది. కాగితం మీద అన్నీ బాగున్నాయి. గోడకి అంటించిన ఆ కాగితం పక్కనే కిటికీకి అట్టముక్క కొట్టి ఉంటుంది, అదీ మన వరస.

మాస్కు పెట్టుకుని ఎక్కితే ఆయాసం కదా అని మా పిల్ల అడిగింది. నువ్వు గంటలో ఎంతసేపు ఎక్కుతావు అన్నాను. ఎక్కేది రెండు నిమిషాలు, పరుపు మీద కూర్చుని కబుర్లు పది నిమిషాలట. అయితే ఆ కబుర్లప్పుడే మాస్కు గట్టిగా ఉండాలి. కింద తాడు పట్టుకున్న మనిషి పైకి చూస్తూ కేకలేస్తాడు, అతనికీ ఉండాలి. రోజుకో తోడు కాకుండా ఎప్పుడూ ఒకే మనిషితో ఎక్కమన్నాను. ఇంకో సంగతి విని మాత్రం తల పట్టుకున్నాను. తాడుని పై కొక్కేనికి తగిలించేటప్పుడు ఒక చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి తాడుని పళ్లతో పట్టుకుంటారట. అందరూ అదే తాడు! సొంత తాడు కొనుక్కో, లేదా పొట్టి గోడలే ఎక్కు అన్నాను.

తాడు అంటే గుర్తొచ్చింది. భయం కొద్దీ తాడుకీ నడుంపట్టీకీ బ్లీచింగ్ నీళ్లు కొట్టేవాళ్లున్నారు. ఆ పని వద్దు. నైలాన్ లోపల్లోపల దెబ్బతింటుంది, పైకి కనబడదు. కొబ్బరికాయలు దింపు తీసే మనిషిని అడగండి, తన తాడు మీద ఎవరైనా మందునీళ్లు పోస్తే ఊరుకుంటాడేమో. మామూలు సబ్బుతో, నీళ్లతో కడిగి నీడన ఆరేస్తే చాలు. లేదంటే మూడు రోజులు ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టాలి.

ఇక ఒంటి సంగతి. ఏడాదిన్నర ఖాళీగా ఉన్న ఒళ్లు మనం చెప్పిన మాట వినదు. కండ కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్లకి నెలలు పడుతుంది. బలం వచ్చిందనుకుని చిటికెనవేలంత పట్టుకి వేలాడితే ఉంగరపు వేలిలో టెండన్ని ఎముకకి అదిమి ఉంచే కట్టు టప్‌మని తెగొచ్చు. దింపు తీసే వాళ్లు కూడా జబ్బు చేసి లేచాక మొదటిరోజే ముసలిచెట్టు ఎక్కరు. కరోనా వచ్చి తగ్గినవాళ్లయితే ఇంకా నిదానం. కొందరిలో గుండె కండరానికి వాపు వస్తుంది కాబట్టి, మెట్లెక్కితే దడ, ఛాతీలో నొప్పి, తల తిరగడం ఉంటే జిమ్‌కి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ముడి సరిగ్గా పడిందా, కొక్కెం బిగిసిందా అని ఒకరిది ఒకరు చూసుకునే అలవాటు కూడా ఇన్నాళ్లలో పోయి ఉంటుంది. ఆ పొడుగు గోడల దగ్గర కరోనా కన్నా నాకు ఆ భయమే ఎక్కువ.

టీకా రెండు డోసులూ అయ్యాకే వెళ్లమన్నాను, అయ్యాయంది. 2021లో మనల్ని ముంచిన కరోనా రకానికి డెల్టా అని పేరు పెట్టారు. గ్రీకు అక్షరం అది, ముక్కోణంలా ఉంటుంది. ఏరు పాయలై సముద్రంలో కలిసే మన నేలకీ ఆ అక్షరం పేరే. పేరు కలిసింది గానీ పాపం మనది కాదు.

ఇదంతా దానికి చెప్పాక నాకే అనుమానమొచ్చి, మా ఊరి దగ్గర టౌన్లో కుర్రాళ్లు వెళ్లే ఒక జిమ్‌కి వెళ్లాను. గుమ్మంలో శానిటైజర్ ఉంది, లోపల ఫినాయిల్ వాసన గుప్పుమంటోంది. ఏసీ వేసి తలుపులు బిగించారు. నేను జేబులోంచి ఒక అగరుబత్తి తీసి వెలిగించాను. నడిపే కుర్రాడు నా పాత శిష్యుడే, "ఏంటి మాస్టారూ, పూజా?" అన్నాడు. పొగ పైకి లేచి, ఫ్యాన్ల కింద చెదిరి, గదంతా పరుచుకుంది. అగరుబత్తి అయిపోయింది, వాసన పోలేదు. ఇరవై నిమిషాలయ్యాక కూడా అక్కడే ఉంది. "నువ్వు వదిలిన ఊపిరీ ఇలాగే ఉంటుందిరా" అన్నాను.

వాడు మాట్లాడకుండా స్టూలేసుకుని వెనక గోడ మీద అట్టముక్క పీకాడు. దాని వెనక పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. ఫ్యాన్ రెక్కల మధ్య పావురం గూడు, అందులో రెండు గుడ్లు. పిల్లలు ఎగిరేదాకా ఫ్యాన్ వేయలేనన్నాడు. ఈలోగా ఏసీ ఆపి, తలుపూ కిటికీలూ తీసి పెట్టాడు. సాయంత్రం బ్యాచ్‌ని రెండుగా విడగొట్టాడు. ఉక్కపోస్తోందని కుర్రాళ్లు నన్ను తిట్టుకున్నారట.

నమస్కారం.